ఖాళీ ఫోల్డరుతో మొదలుపెట్టండి: సొంత బ్లాగు థీమ్ నేర్చుకునే పద్ధతి

వర్డ్‌ప్రెస్‌లో సొంత బ్లాగు థీమ్ (బ్లాగు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) తయారుచేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఎక్కువగా దొరికే సలహా ఇది: "ఏదో ఒక రెడీమేడ్ థీమ్ దించుకుని, నచ్చినట్టు మార్చుకుంటూ పోండి, అదే వచ్చేస్తుంది." అలా రాదని నా వాదన. మార్చుకుంటూ పోతే థీమ్ మారుతుంది కానీ అది ఎలా పనిచేస్తుందో తెలియదు. నేర్చుకోవడమే ఉద్దేశమైతే ఖాళీ ఫోల్డరు సృష్టించి, అందులో రెండే రెండు ఫైళ్లు పెట్టి, ప్రతి వరుసా మీ చేత్తో రాస్తూ మొదలుపెట్టాలి. మొదట కనబడేది తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలే. అయినా సరే.

ఎందుకంటే, అన్ని రకాల సైట్లకూ పనికొచ్చేలా చేసిన పెద్ద థీమ్‌లో శీర్షిక రంగు మార్చడమే ఒక పరిశోధన. ఆ రంగు సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే భాష) ఫైల్లో ఉందో, డాష్‌బోర్డు సెట్టింగుల నుంచి డేటాబేసులో చేరి అక్కణ్ణుంచి పేజీలోకి వస్తోందో, పేజీ బిల్డరు లోపల దాగి ఉందో వెతకాలి. వెతికి పట్టుకున్నాక తెలిసేది ఆ థీమ్ రాసినవాళ్ల అలవాటు మాత్రమే, ఇంకో థీమ్‌లో అది అక్కరకు రాదు. దొరకకపోతే చివర ‘!ఇంపార్టెంట్’ (ఈ నియమానికే ప్రాధాన్యం అనే గుర్తు) తగిలించి పని కానిస్తారు. అలాంటివి పాతిక పోగయ్యాక ఏ నియమం దేన్ని తొక్కేస్తోందో ఎవరికీ అర్థం కాదు.

చైల్డ్ థీమ్ (మరో థీమ్ మీద ఆధారపడి, మన మార్పుల్ని మాత్రమే ఉంచుకునే చిన్న థీమ్) సంగతి వేరు. మాతృ థీమ్ అప్‌డేట్ అయినా మన మార్పులు చెరిగిపోకుండా ఉండటానికి అది మంచి ఏర్పాటు. నడుస్తున్న సైటుకి చిన్న మార్పులు కావాలంటే అదే సరైన దారి. కాకపోతే అది నిర్వహణ పద్ధతి, దాన్ని చదువుగా పొరబడకూడదు.

ఇక్కడ చెప్పేదంతా వర్డ్‌ప్రెస్‌ని ఉద్దేశించి. బ్లాగర్ (గూగుల్ ఇచ్చే బ్లాగు వేదిక) గురించి చివర్లో కొంచెం ఉంది. ఫంక్షన్ల పేర్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాశాను. కోడులో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి, ‘డబ్ల్యూపీ_డీబగ్’ లాంటి సెట్టింగుల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో.

రెండు ఫైళ్లు, ఒక ఖాళీ పేజీ

పని మీ కంప్యూటరులోనే జరగాలి. పాఠకులు చూస్తున్న సైటు మీద థీమ్ నేర్చుకోకూడదు. ఎక్సాంప్ గానీ, లోకల్ అనే అప్లికేషన్ గానీ పెట్టుకుంటే పీహెచ్‌పీ, డేటాబేసు, సర్వరు మూడూ ఒకేసారి వస్తాయి. వర్డ్‌ప్రెస్ ఎక్కించాక ‘డబ్ల్యూపీ-కాన్ఫిగ్’ ఫైల్లో ‘డబ్ల్యూపీ_డీబగ్’ విలువను ‘ట్రూ’ చేయండి. ‘డబ్ల్యూపీ_డీబగ్_లాగ్’ని కూడా ‘ట్రూ’ చేస్తే తప్పులన్నీ ‘డబ్ల్యూపీ-కంటెంట్’ ఫోల్డరులో ‘డీబగ్.లాగ్’ అనే ఫైల్లో నమోదవుతాయి. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. తప్పు ఏ ఫైల్లో ఏ వరుసలో ఉందో యంత్రమే చెబుతుంటే ఊహించుకుంటూ కూర్చోవడం దేనికి?

థీమ్స్ ఫోల్డరులో మీ ఫోల్డరు పెట్టండి. పేరు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మీకే ప్రత్యేకంగా ఉండాలి. ఈ ప్రత్యేకత మాట తేలిగ్గా తీసుకోవద్దు. వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితాలో అదే ఫోల్డరు పేరుతో వేరే థీమ్ ఉండి, దాని వెర్షన్ నంబరు మీదానికన్నా పెద్దదైతే, డాష్‌బోర్డు "అప్‌డేట్ ఉంది" అని చూపిస్తుంది. అది నొక్కితే మీరు రాసినదంతా పోయి ఆ థీమ్ వచ్చి కూర్చుంటుంది. వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి స్టైల్ ఫైలు తలభాగంలో ‘అప్‌డేట్ యూఆర్ఐ’ అనే వరుస పెట్టి దీన్ని ఆపే వీలుంది.

ఇక ఫైళ్లు. మొదటిది ‘స్టైల్.సీఎస్ఎస్’. దాని పైభాగంలో వ్యాఖ్య గుర్తుల మధ్య ‘థీమ్ నేమ్:’ అని రాసి మీ పేరు పెట్టాలి. వర్డ్‌ప్రెస్ చదివేది ఆ వ్యాఖ్యనే. రెండోది ‘ఇండెక్స్.పీహెచ్‌పీ’. ప్రస్తుతానికి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ఈ రెండూ ఉంటే చాలు, మీ థీమ్ జాబితాలో కనిపిస్తుంది. యాక్టివేట్ చేసి సైటు తెరిస్తే పూర్తిగా ఖాళీ పేజీ వస్తుంది. అందులో లోపమేమీ లేదు. ఇకపై ఆ పేజీ మీద ఏది కనిపించినా అది మీరు రాసినందువల్ల వచ్చిందే. రెడీమేడ్ థీమ్‌తో ఈ స్పష్టత ఎన్నటికీ దొరకదు.

జాబితాలో కనబడకపోతే కారణాలు సాధారణంగా ఇవే. విండోస్‌లో ఫైలు పొడిగింపులు దాచి ఉంటే నోట్‌ప్యాడ్ ఆ ఫైలుని చివర ‘.టీఎక్స్‌టీ’ చేర్చి భద్రపరుస్తుంది, మనకది కనబడదు. లేదా జిప్ చేసేటప్పుడు ఫోల్డరు లోపల ఫోల్డరు పడి స్టైల్ ఫైలు ఒక మెట్టు లోపలికి పోతుంది. మీ కంప్యూటరులో బాగానే ఉండి, సర్వరుకి ఎక్కించాక పనిచేయకపోతే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు చూసుకోండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు. లినక్స్ సర్వరుకి మాత్రం పెద్ద అక్షరంతో మొదలయ్యే ‘హెడర్’, చిన్న అక్షరంతో మొదలయ్యే ‘హెడర్’ రెండూ వేర్వేరు ఫైళ్లు.

ముందు టపా పేజీ, హోమ్ పేజీ తర్వాత

కొత్తవాళ్లు దాదాపు అందరూ హోమ్ పేజీతో మొదలుపెడతారు: పెద్ద బ్యానరు, జారే బొమ్మలు, మూడు నిలువు వరుసలు. నా ఉద్దేశంలో ఇది తలకిందుల క్రమం. వెతుకులాట ద్వారానో, ఎవరో పంపిన లంకె ద్వారానో వచ్చే పాఠకుడు నేరుగా ఒక టపాలోకి దిగుతాడు. బ్లాగంటే చదివే చోటు. ఆ ఒక్క పేజీ బాగుంటే మిగతావన్నీ దాన్నుంచి పుడతాయి. హోమ్ పేజీ మహా అయితే ఆ టపాల జాబితా.

అందుకని ముందు వర్డ్‌ప్రెస్‌ని పక్కనపెట్టి, ఒక మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైల్లో ఒక టపాని రాయండి. సైటు పేరు, మెనూ ‘హెడర్’లో. అసలు విషయం ‘మెయిన్’లో, దాని లోపల ‘ఆర్టికల్’. టపా శీర్షిక ‘హెచ్1’, లోపలి ఉపశీర్షికలు ‘హెచ్2’. తేదీకి ‘టైమ్’ ట్యాగు. చివర ‘ఫుటర్’. ‘డివ్’ల మీద ‘డివ్’లు పేర్చే అలవాటు ఇక్కడే మానుకోవాలి. సరైన ట్యాగు వాడితే తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకి పేజీ నిర్మాణం అర్థమవుతుంది, సీఎస్ఎస్ కూడా తగ్గుతుంది. తలభాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగు మరవొద్దు. అది లేకపోతే ఫోను బ్రౌజరు పేజీని డెస్క్‌టాప్ వెడల్పులో గీసి, మొత్తాన్ని చిన్నదిగా కుదించి చూపిస్తుంది. "నా రెస్పాన్సివ్ సీఎస్ఎస్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క వరుస లేకపోవడమే.

ఆ టపాలో పెట్టే సరుకు గురించి ఒక మాట. అర్థంలేని నమూనా వాక్యాలు, ఒకే కొలతలో ఉన్న అందమైన ఫొటోలు పెడితే ఏ థీమ్ అయినా బాగుంటుంది. మీ నమూనా టపాల్లో మూడు వరుసలకు పాకే శీర్షిక, అసలు శీర్షికే లేని టపా, తెరకన్నా వెడల్పైన పట్టిక, నిలువు ఫొటో, జాబితాలో జాబితా, ఖాళీ లేని పొడవాటి వెబ్ చిరునామా ఉండాలి. వర్డ్‌ప్రెస్‌వాళ్లే ఇందుకోసం ‘థీమ్ యూనిట్ టెస్ట్’ అనే డేటా ఫైలు ఇస్తారు. డాష్‌బోర్డులోని ఇంపోర్ట్ ద్వారా దాన్ని ఎక్కిస్తే ఇలాంటి చిక్కు టపాలన్నీ వచ్చేస్తాయి. పొడవాటి చిరునామా పేజీని పక్కకి సాగదీస్తే ‘ఓవర్‌ఫ్లో-ర్యాప్’కి ‘ఎనీవేర్’ ఇవ్వడం, పట్టికను పక్కకి జరిగే పెట్టెలో పెట్టడం, బొమ్మలకు గరిష్ఠ వెడల్పు 100 శాతం, ఎత్తు ‘ఆటో’ ఇవ్వడం అప్పుడు వాటంతటవే గుర్తుకొస్తాయి.

లూపు: ఇక్కడ ఆగి నిదానంగా చదవాలి

హెచ్‌టీఎంఎల్ పేజీ సిద్ధమయ్యాక దాన్ని ఇండెక్స్ ఫైల్లో అతికించి, స్థిరంగా ఉన్న మాటల్ని ఒక్కొక్కటిగా వర్డ్‌ప్రెస్ ఇచ్చే డేటాతో మార్చాలి. థీమ్ అనే పనికి గుండె ఇదే. మిగిలినదంతా దీని చుట్టూ అల్లిక.

పాఠకుడు ఒక చిరునామా తెరవగానే, మీ థీమ్ ఫైలు పరుగు మొదలుపెట్టకముందే, వర్డ్‌ప్రెస్ ఆ చిరునామాని బట్టి ఏ టపాలు కావాలో తేల్చి డేటాబేసు నుంచి తెచ్చి పెట్టుకుంటుంది. మీ థీమ్ వాటిని వెతకదు, చేతికందినవాటిని చూపిస్తుంది. ఈ సంగతి మనసుకి పట్టిందంటే సగం అయోమయం తీరిపోతుంది. ‘హ్యావ్_పోస్ట్స్’ అనేది "ఇంకా టపాలున్నాయా?" అని అడుగుతుంది. ‘ద_పోస్ట్’ అనేది తర్వాతి టపాని ముందుకు తెచ్చి నిలబెడుతుంది. ఆ తర్వాత ‘ద_టైటిల్’, ‘ద_కంటెంట్’, ‘ద_పర్మాలింక్’ లాంటివి ఆ నిలబడిన టపా వివరాల్ని అచ్చేస్తాయి.

ఇందులో జరిగే అతి పెద్ద పొరపాటు ‘వైల్’ (షరతు నిజమైనంతసేపూ తిరిగే లూపు) లోపల ‘ద_పోస్ట్’ రాయడం మరిచిపోవడం. అప్పుడు మొదటి టపా ముందుకే రాదు, ఇంకా టపాలున్నాయనే జవాబే ఎప్పుడూ వస్తుంది, లూపు ఆగదు. పేజీ తిరుగుతూ తిరుగుతూ సమయం మించిపోయో, మెమరీ చాలకో కూలిపోతుంది. పేజీ తెరుచుకోకుండా చాలాసేపు తిరుగుతుంటే ముందు చూడాల్సింది ఆ వరుసనే.

రెండోది, ‘ద_’తో మొదలయ్యే ఫంక్షనుకీ ‘గెట్_ద_’తో మొదలయ్యేదానికీ తేడా. మొదటిది అక్కడికక్కడే అచ్చేస్తుంది. రెండోది విలువను చేతికిస్తుంది, అచ్చు వేయాల్సింది మీరు. రెండోదాని ముందు ‘ఎకో’ మరిచిపోతే ఏమీ కనబడదు, తప్పు సందేశం కూడా రాదు. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. ఇక ‘ద_డేట్’ది మరో వింత: జాబితాలో ఒకే రోజున ప్రచురించిన టపాలు రెండుంటే అది మొదటిదానికి మాత్రమే తేదీ వేస్తుంది. రోజువారీగా టపాల్ని గుంపుచేసి చూపే పాత పద్ధతికోసం అలా రాశారు. ప్రతి టపాకీ తేదీ కావాలంటే ‘గెట్_ద_డేట్’ వాడి మీరే అచ్చేయండి.

‘హెడ్’ ట్యాగు ముగిసే ముందు ‘డబ్ల్యూపీ_హెడ్’, ‘బాడీ’ ముగిసే ముందు ‘డబ్ల్యూపీ_ఫుటర్’ తప్పనిసరి. వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు తమ స్టైళ్లనీ స్క్రిప్టుల్నీ ఈ రెండు చోట్లే దింపుతాయి. లాగిన్ అయి ఉన్నా పైన ఉండాల్సిన నల్లపట్టీ కనబడకపోతే రెండోది లేదని అనుమానించండి. ‘బాడీ’ తెరవగానే ‘డబ్ల్యూపీ_బాడీ_ఓపెన్’ పెట్టడం కూడా 5.2 వెర్షన్ నుంచి అలవాటుగా వస్తోంది.

హోమ్ పేజీలో ఒక వర్గం టపాలు మాత్రమే చూపించాలనిపించినప్పుడు పాత ట్యుటోరియళ్లు ‘క్వెరీ_పోస్ట్స్’ వాడమంటాయి. వాడొద్దు. వర్డ్‌ప్రెస్ అప్పటికే తెచ్చిపెట్టిన టపాల్ని అది పక్కన పడేసి మళ్లీ తెస్తుంది, దాంతో "తర్వాతి పేజీ" లంకెలు తప్పుతాయి. అసలు వెతుకులాటనే మార్చాలంటే ‘ప్రీ_గెట్_పోస్ట్స్’ అనే హుక్ (వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడు తగిలించే చోటు), పక్కన అదనంగా ఇంకో జాబితా కావాలంటే కొత్త ‘డబ్ల్యూపీ_క్వెరీ’. రెండోది వాడాక ‘డబ్ల్యూపీ_రీసెట్_పోస్ట్‌డేటా’ పిలవకపోతే కింద వచ్చే రచయిత పేరు, వ్యాఖ్యలు వేరే టపావి అయి కూర్చుంటాయి.

ఫైళ్లు విడదీయడం

ఇండెక్స్ ఒక్కటే పెట్టుకుని చాలా దూరం వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. మొదటి రోజే ఇరవై ఫైళ్లు సృష్టించి ఖాళీగా పెట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఖాళీ ‘సింగిల్’ ఫైలు ఉంటే వర్డ్‌ప్రెస్ దాన్నే వాడి ఖాళీ పేజీ చూపిస్తుంది. ఒకే ముక్క రెండు చోట్ల రాయాల్సి వచ్చినప్పుడు విడదీయండి. అప్పుడు ‘హెడర్’, ‘ఫుటర్’ బయటికి వస్తాయి. ఆపైన విడి టపాకి ‘సింగిల్’, విడి పుటకి ‘పేజ్’, వర్గాలకీ నెలవారీ జాబితాలకీ ‘ఆర్కైవ్’, దొరకని చిరునామాకి ‘404’.

ఏ చిరునామాకి ఏ ఫైలు తెరుచుకుంటుందన్నది ప్రత్యేకం నుంచి సాధారణం వైపు దిగే వరుస. వర్గం పేజీ అయితే ముందు ఆ వర్గం పేరున్న ఫైలు, తర్వాత ఆ వర్గం నంబరున్నది, తర్వాత ‘కేటగరీ’, తర్వాత ‘ఆర్కైవ్’, ఏదీ లేకపోతే ఇండెక్స్. ఈ వరుసలో అందర్నీ తికమకపెట్టేది ‘హోమ్’, ‘ఫ్రంట్-పేజ్’ అనే జంట. ‘ఫ్రంట్-పేజ్’ సైటు ముఖద్వారానికి, ‘హోమ్’ టపాల జాబితాకి. సెట్టింగుల్లో స్థిరమైన పుటని ముఖద్వారంగా పెడితే ఈ రెండూ వేర్వేరు చిరునామాలవుతాయి. ఏ ఫైలు తెరుచుకుంటోందో అర్థంకానప్పుడు ‘క్వెరీ మానిటర్’ ప్లగిన్ వేసుకుంటే పై పట్టీలోనే చెబుతుంది.

వ్యాఖ్యల విభాగాన్ని ‘కామెంట్స్_టెంప్లేట్’తో పిలవండి. జవాబు పెట్టె ఆ వ్యాఖ్య కిందికే రావాలంటే ‘కామెంట్-రిప్లై’ స్క్రిప్టు కూడా జతచేయాలి, లేకపోతే జవాబు నొక్కిన ప్రతిసారీ పేజీ మొత్తం మళ్లీ లోడవుతుంది.

ఇక ‘ఫంక్షన్స్.పీహెచ్‌పీ’. సైటుని ఒక్క దెబ్బకి పడగొట్టగల ఫైలు ఇదే, ఎందుకంటే డాష్‌బోర్డు తెరిచినా ఇది నడుస్తుంది. ఒక సెమీకోలన్ తప్పిపోతే లోపలికి వెళ్లే దారి కూడా మూసుకుపోవచ్చు. 2019 మేలో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు అడ్మిన్‌కి ఈమెయిల్లో రికవరీ లంకె వస్తుంది. మీ కంప్యూటరులోని సైటుకి సాధారణంగా ఈమెయిల్ పనిచేయదు కాబట్టి థీమ్ ఫోల్డరు పేరు మార్చేయండి. డాష్‌బోర్డులో థీమ్‌ల పేజీ తెరవగానే వర్డ్‌ప్రెస్ డిఫాల్ట్ థీమ్‌కి మారిపోతుంది. అందుకే డిఫాల్ట్ థీమ్ ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఈ ఫైల్లో ఉండాల్సినవి కొన్నే: ‘టైటిల్-ట్యాగ్’కీ బొమ్మలకీ మద్దతు ప్రకటించడం, మెనూ నమోదు, స్టైళ్లూ స్క్రిప్టులూ జతచేయడం. మీ ఫంక్షన్ల పేర్ల ముందు థీమ్ పేరు చేర్చండి, లేకపోతే ఏదో ఒక ప్లగిన్‌లోని పేరుతో ఢీకొని సైటు ఆగుతుంది. ఫైలు చివర పీహెచ్‌పీ ముగింపు గుర్తు పెట్టొద్దు. దాని తర్వాత పొరపాటున ఖాళీ వరుసలు మిగిలితే "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అనే హెచ్చరిక వస్తుంది. ఫైలుని ‘బామ్’తో (ఫైలు మొదట్లో కనబడకుండా చేరే గుర్తుతో) కూడిన యూటీఎఫ్-8గా భద్రపరిచినా అదే జరుగుతుంది. ఎడిటరులో ‘బామ్ లేని’ ఎంపిక చూసుకోండి.

సీఎస్ఎస్ మార్చినా పేజీలో మార్పు కనబడటం లేదంటే బ్రౌజరు పాత ప్రతిని దాచుకుని ఉంటుంది. ‘డబ్ల్యూపీ_ఎన్‌క్యూ_స్టైల్’లో వెర్షన్ విలువగా ‘ఫైల్‌ఎంటైమ్’ ఇస్తే ఫైలు మారినప్పుడల్లా వెర్షన్ మారి, కొత్త ప్రతి దిగుతుంది. బొమ్మల కొత్త కొలత చేర్చినప్పుడు అది పాత బొమ్మలకి వర్తించదని కూడా గుర్తుంచుకోండి, వాటిని మళ్లీ తయారుచేయించాలి.

షార్ట్‌కోడ్‌లు (టపాలో చదరపు కుండలీకరణాల మధ్య రాసే సంకేతాలు), కొత్త రకాల టపాలు, గణాంకాల కోడు ఇక్కడ పెట్టకూడదు. థీమ్ మార్చిన రోజున అవన్నీ పోతాయి, టపాల్లో చదరపు కుండలీకరణాల శిథిలాలు మిగులుతాయి. రూపానికి సంబంధించినదే థీమ్‌లో ఉండాలి, పనికి సంబంధించింది ప్లగిన్‌లోకి పోవాలి. ఈ గీత దాటిన థీమ్‌లు బ్లాగర్లని బందీలుగా చేస్తాయి. నాకు వాటిమీద కోపమే.

బయటనుంచి వచ్చే ప్రతి విలువనూ అచ్చేసే ముందు శుద్ధి చేయాలి. మామూలు పాఠ్యానికి ‘ఎస్క్_హెచ్‌టీఎంఎల్’, ట్యాగు గుణాల్లోకి పోయేదానికి ‘ఎస్క్_ఆట్ర్’, చిరునామాలకి ‘ఎస్క్_యూఆర్ఎల్’. "మీరు వెతికిన మాట" అంటూ చిరునామాలోంచి తీసిన పదాన్ని అలాగే పేజీ మీద అచ్చేశారనుకోండి, ఎవరైనా ఆ పదం స్థానంలో స్క్రిప్టు పెట్టిన లంకె తయారుచేసి మీ పాఠకులకి పంపగలరు. తర్వాత చేసుకుందాంలే అనుకోవద్దు. ఎకో రాసిన వేలితోనే ఇదీ రాయడం మొదటినుంచీ అలవాటవ్వాలి.

తెలుగు అక్షరాలకు సరిపోయే సీఎస్ఎస్

థీమ్‌లు చాలామటుకు రోమన్ అక్షరాల్ని మనసులో పెట్టుకుని రాసినవి. తెలుగు టపాని వాటిలో పోస్తే ఎక్కడెక్కడ తెగుతుందో చూస్తే, సొంత థీమ్ ఎందుకు రాసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

మొదట వరుసల ఎత్తు. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. 1.5 వరుస ఎత్తులో పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి. ఫాంటుని బట్టి తేడా ఉన్నా 1.7 నుంచి 1.9 మధ్య హాయిగా ఉంటుంది. శీర్షికలకి చాలా థీమ్‌లు 1.1, 1.2 ఇస్తాయి, తెలుగుకి 1.4కి తగ్గొద్దు. జాబితాలో శీర్షికని రెండు వరుసలకి కత్తిరించి ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ పెట్టినచోట చివరి వరుస వత్తులు తెగిపోతాయి. అడుగున కొంచెం ప్యాడింగ్ ఇవ్వాలి. అక్షరం కొలత కూడా 16 పిక్సెళ్ల దగ్గర ఆగకుండా 18, 19 దాకా వెళితే వత్తులు స్పష్టంగా కనబడతాయి.

వరుస పొడవుకి ‘65 సీహెచ్’ అని ఇవ్వమనే సలహా విరివిగా దొరుకుతుంది. ఆ కొలమానం సున్నా అంకె వెడల్పుని బట్టి నడుస్తుంది, తెలుగు అక్షరాల వెడల్పుతో దానికి సంబంధం లేదు. దానికి బదులు 38 నుంచి 42 ‘రెమ్’ మధ్య పెట్టి, చదివి చూసి సరిచేసుకోండి. ‘లెటర్-స్పేసింగ్’ ముట్టుకోవద్దు. ఉల్లేఖనాలకి ఇటాలిక్ తీసేయండి. తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు విడిగా గీసినవి దాదాపు ఉండవు, బ్రౌజరు నిలువు అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. ఎడమవైపు గీత, కాస్త వేరే నేపథ్యం చాలు. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ‘ఫస్ట్-లెటర్’ అలంకారం కూడా వద్దు, ‘ప్ర’ లాంటి సంయుక్తాక్షరంతో మొదలైతే కొన్ని బ్రౌజర్లలో అది ముక్కలవుతుంది.

ఫాంట్ల వరుసలో ముందు రోమన్ ఫాంటు, తర్వాత తెలుగు ఫాంటు రాయండి. ఏ అక్షరం ఏ ఫాంటులో ఉంటే బ్రౌజరు దాన్నక్కడినుంచి తీసుకుంటుంది. తెలుగు ఫాంటు ముందుంటే అంకెలు, ఇంగ్లీషు మాటలు కూడా దానిలోంచే వస్తాయి, అవి తెలుగు అక్షరాల పక్కన ఒక్కోసారి మరీ చిన్నవిగా కనిపిస్తాయి. పాఠ్యానికి నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి, శీర్షికలకి రామభద్ర లాంటి బరువైనది ప్రయత్నించండి. ఒక థీమ్‌లో రెండు ఫాంట్లు చాలు, ప్రతి ఫాంటూ దిగుమతి బరువే. ఫాంటు ఫైలుని థీమ్ ఫోల్డరులోనే పెట్టుకుని ‘ఫాంట్-డిస్‌ప్లే’కి ‘స్వాప్’ ఇస్తే, ఫాంటు దిగేదాకా పాఠకుడు ఖాళీ తెర చూస్తూ కూర్చోనక్కర్లేదు.

రంగుల విషయంలో ఒకే ఒక్క పట్టు: చదివే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. వెబ్ అందుబాటు ప్రమాణాలు చెప్పే హద్దు అది. తెల్ల నేపథ్యం మీద ‘#777777’ బూడిదరంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, ‘#767676’ దాటుతుంది. తేదీలకీ వర్గాలకీ అందరూ వాడే ‘#999999’ అయితే 3కి కూడా చేరదు. లంకెల చుట్టూ వచ్చే ఫోకస్ గీత బాగాలేదని ‘అవుట్‌లైన్: నన్’ పెట్టేవాళ్లున్నారు. కీబోర్డుతో చదివేవాళ్లకి తాము ఎక్కడున్నామో తెలిపే గుర్తు అదొక్కటే. రంగు మార్చండి, తీసేయకండి.

బ్లాగర్ వాడేవాళ్లకి, బ్లాకు థీమ్‌ల గురించి అడిగేవాళ్లకి

బ్లాగర్‌లో థీమ్ అంతా ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలు. సీఎస్ఎస్ ‘బీ:స్కిన్’లో, లేఅవుట్ ముక్కలు ‘బీ:సెక్షన్’లలో, వాటిలో ‘బీ:విడ్జెట్’లు. టపాల లూపు ‘బీ:లూప్’. ఆలోచన వర్డ్‌ప్రెస్‌దే, క్రమశిక్షణ మాత్రం ఎక్కువ. మూయని ట్యాగు ఒక్కటున్నా భద్రపరచనివ్వదు. ‘బీఆర్’ ట్యాగుని కూడా లోపలే గీతపెట్టి మూయాలి, విడిగా ఉన్న ‘&’ గుర్తుని ‘&ఏఎంపీ;’గా రాయాలి, జావాస్క్రిప్టుని ‘సీడేటా’ గుర్తుల మధ్య పెట్టాలి. మార్పు మొదలుపెట్టే ముందు పాత ఎక్స్‌ఎంఎల్‌ని దించి దాచుకోండి, వెనక్కి రావడానికి వేరే దారి ఉండకపోవచ్చు.

ఇక నా వాదనకి వచ్చే గట్టి అభ్యంతరం: 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ బ్లాకు థీమ్‌ల (పేజీని బ్లాకులనే ముక్కలతో కట్టే థీమ్‌ల) వైపు నడుస్తోంది, ఇంకా పీహెచ్‌పీ ఫైళ్లతో నేర్చుకోవడం పాత పాఠం కాదా? బ్లాకు థీమ్‌కి స్టైల్ ఫైలుతో పాటు ‘టెంప్లేట్స్’ ఫోల్డరులో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, రంగులకీ ఫాంట్లకీ ‘థీమ్.జేసన్’ సరిపోతాయి, నిజమే. కానీ అక్కడ లూపు ‘క్వెరీ లూప్’ బ్లాకు లోపల దాగి ఉంటుంది. టపాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఏ టెంప్లేట్ ఎందుకు ఎంపికైందో తెలియనివాళ్లకి అది అర్థంకాని పెట్టెల వరుసలా కనబడుతుంది. పైగా సైట్ ఎడిటరులో చేసిన మార్పులు డేటాబేసులో చేరతాయి. ఆ తర్వాత ఫైలుని మార్చినా పేజీ మారదు, డేటాబేసులోని ప్రతికే ప్రాధాన్యం. ఆ మార్పుల్ని తొలగించాకే ఫైలు మళ్లీ అమల్లోకి వస్తుంది. ఈ మాట తెలియక ఫైల్లో మార్పులు చేస్తూ ఏమీ కదలక విసిగిపోతారు. ఫైళ్ల ఎంపిక వరుస రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి పాత దారిలో నేర్చుకున్నది వృథా కాదు.

"ఇంత కష్టమెందుకు, స్టార్టర్ థీమ్ ఉందిగా" అంటే, రెండో థీమ్‌కి తప్పకుండా వాడండి. మొదటిదానికి వాడితే అందులో ఉన్న ముప్పై ఫైళ్లలో ఏది తీసేయొచ్చో తేల్చుకోలేక అన్నీ మోసుకుతిరుగుతారు.

మీ థీమ్ పరీక్ష టపాలన్నిటినీ తట్టుకుని నిలబడ్డాక, ‘థీమ్ చెక్’ ప్లగిన్ చూపించే తప్పులు సరిచేశాక, ‘ట్వంటీ ట్వంటీ-వన్’ థీమ్ ఫోల్డరు తెరవండి. బ్లాకు పద్ధతికి మారకముందు వచ్చిన చివరి డిఫాల్ట్ థీమ్ అదే. మొత్తం చదవక్కర్లేదు. ముందు దాని ‘సింగిల్’ ఫైలు తీసి మీదానితో పక్కపక్కన పెట్టుకోండి. లూపు లోపల టపా రూపం రాయకుండా ‘గెట్_టెంప్లేట్_పార్ట్’తో వేరే ఫైలుని పిలవడం కనబడుతుంది. ఆ ఫైలుని వెతికి, అదెందుకు విడిగా ఉందో తేల్చుకుని, మీ థీమ్‌లో అలాంటి విభజన ఎక్కడ అవసరమో అక్కడ మాత్రమే చేయండి. ఆ తర్వాత ‘ట్వంటీ ట్వంటీ-టూ’లో అదే టపా పేజీ ఏ ఫైల్లో ఉందో వెతకండి.